గొళ్ళెం ఎవరు?

మా మేనత్త దర్జీ. నలభై ఆరేళ్ళ మనిషి. పెళ్ళి మాటెత్తిన వాళ్ళకి కత్తెర చూపించి పంపేది. అలాంటి మనిషి కుట్టుమిషను ఈ ఏడాది మాటిమాటికీ పాడవుతోంది. మిషనుకి ఏ రోగమూ లేదు. దాన్ని బాగుచేయడానికొచ్చే మెకానిక్ అంటే అత్తకి ఇష్టం, అంతే! ఆ ముక్క చచ్చినా పైకి అనదు. అతను మరీ ఘోరం, మంచినీళ్ళు కావాలన్నా సైగే. ఇక మా నాయనమ్మ అడక్కుండానే తీర్పు చెప్పేసింది: "ఈ వయసులో పెళ్ళేంటే? నలుగురూ నవ్విపోరూ!" తల్లి కాదంటే అత్త అడుగు ముందుకు వేయదు.

నిన్న అతను మిషనుకి మూతపెట్టి, అత్త చేతిలో ఒక కాగితం పెట్టి, సైకిలెక్కడం కూడా మరిచిపోయి దాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. విప్పితే కవిత!

కిటికీలో దీపం ఉంది,
గుమ్మంలో తడిసిన కుక్క ఉంది,
తలుపుకి గొళ్ళెం ఉంది,
వాన మాత్రం ఎవరి మాటా వినదు.

కత్తిరించిన జాకెట్టు ముక్కలు పక్కకి నెట్టి అందరం బల్ల చుట్టూ మూగాం. బళ్ళో తెలుగు చెప్పే మా బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"కుక్క జీవాత్మ. దీపం పరమాత్మ. గొళ్ళెం మాయ. కేంద్రభావం మోక్షం."

"మోక్షం కావాలంటే మనింటికెందుకొస్తాడురా?" అంది నాయనమ్మ. "ఇందులో అర్థం కానిదేముంది? దీపం నా కూతురు. తడిసిన కుక్క వాడే. పాపం, లోపలికి రమ్మంటే వద్దామని చూస్తున్నాడు."

"మరి గొళ్ళెం ఎవరు నాయనమ్మా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా!

బాబాయి ఫ్యాను వైపు చూశాడు. అత్త గబగబా మిషను తొక్కసాగింది. సూది కింద గుడ్డే లేదు.

నాయనమ్మకి వెలిగింది. "అమ్మ, వీడి సిగ్గు తగలెయ్యా! నేనా గొళ్ళేన్ని?" అంటూ చెప్పులేసుకుని బయలుదేరింది. వెనక బాబాయి, నేను, మెడలో టేపుతో అత్త. నాకైతే నవ్వాగడం లేదు.

అతని దుకాణం పక్క వీధిలోనే. పొట్ట విప్పిన మిషన్ల మధ్య మరమేకులు ఏరుకుంటున్నాడు.

"ఏమయ్యా, నీ కళ్ళకి నేను గొళ్ళెంలా కనిపిస్తున్నానా?"

మరమేకుల డబ్బా కాస్తా బోర్లాపడింది. "అయ్యయ్యో, మీరు కాదండీ! గొళ్ళెం నా నోరండీ. ఎంత లాగినా తెరుచుకోదు."

"మరి కుక్క?"

"కుక్కేనండీ. మీ మెట్ల మీద పడుకుంటుంది చూడండి, గోధుమరంగుది."

బాబాయి జీవాత్మ మెట్ల మీద తోకాడిస్తోందన్నమాట! నేను దుకాణం తలుపు పట్టుకుని పడీపడీ నవ్వాను.

"మరి ఇందులో నువ్వెక్కడున్నావయ్యా?" అంది నాయనమ్మ.

"నేను లేనండీ," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "పిలవందే ఎలా వస్తాను?"

నా నవ్వు ఆగిపోయింది.

"నేను పిలుస్తున్నాను," అంది అత్త. "అమ్మా, నాకీయనంటే ఇష్టం. చాలా ఇష్టం. ఊరంతా నవ్వినా ఓర్చుకుంటాను. నువ్వు కాదంటే మాత్రం నా వల్ల కాదే."

నాయనమ్మ కూతుర్ని ఎగాదిగా చూసింది. "ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! నాకీ కవిత్వం బాధ తప్పేది."

తర్వాత అతని వైపు తిరిగి గద్దించింది. "ఏం అల్లుడూ, అత్తగారిని నిలబెట్టే మాట్లాడతావా? కుర్చీ వెయ్యవూ?"

ఆ పిలుపు అతని చెవికెక్కడానికి కాస్త సేపు పట్టింది. ఉన్న ఒక్క స్టూలూ తెచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న మా మేనత్తని చూస్తూ, దానిమీద తనే కూలబడిపోయాడు.