కాయ చప్పుడు

మా మిర్చి కళ్ళంలో కాయ ఎండిందో లేదో చెప్పేది అమ్మే. గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపి, లోపల గింజల చప్పుడు విని "ఇక తొక్కండి" అంటేనే కూలీలు సంచుల్లో తొక్కేవాళ్ళు. పక్క కళ్ళాలవాళ్ళు కూడా ఆమెనే పిలుచుకుపోయేవాళ్ళు. నేనేమో వ్యవసాయం చదివి, గుంటూరులో ల్యాబులో పనిచేస్తున్నదాన్ని. పోయినేడు తేమ చూసే మీటరొకటి పట్టుకెళ్ళాను.

ఆ మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మింది. మీటరు ప్రకారం కాయ ఎండి రెండు రోజులైంది. అమ్మ మాత్రం ఊపి చూసి "ఇంకా లేదు" అంటోంది. కాళ్ళ కింద కాయలు అప్పుడే చిట్లిపోతున్నాయి. వాన పడిందా, ఏడాది కష్టం బూజుపాలే.

ఈవిడ నా మీటరు మీద కుళ్ళుతోనే ఇదంతా చేస్తోందని అనుమానించాను. కన్నతల్లిని అలా అనుకోవచ్చా అంటే, అనుకున్నాను మరి! అప్పటినుంచి ఓ కన్నేసి ఉంచాను. కాయల్ని ఒకసారి కుడి చెవికి, ఒకసారి ఎడమ చెవికి పెడుతోంది. ఊపుతూ దొంగచూపులు చూస్తోంది. వెనక నిలబడి "అమ్మా" అన్నాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. ఊహూఁ.

అప్పుడర్థమైంది. ముందుకొచ్చి అరిచాను. "ఎన్నాళ్ళ నించమ్మా ఇది?"

"నా చెవులకేమైందే? నిక్షేపంలా ఉన్నాయి!"

చెవుల ఊసు నేనెత్తనే లేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆ సంగతి ఆమెకూ తెలిసి తలొంచుకుంది.

"ముందు కాయే పచ్చిదనుకున్నానే. తర్వాత తెలిసింది. ఎవరికి చెప్పుకోను? వినపడదంటే ఇంకెవరు పిలుస్తారే నన్ను?"

నాకు ఏడుపొచ్చింది. మీటరు చూపించి తలూపాను. అమ్మ కూలీల వైపు తిరిగి, ఎప్పటిలాగే "ఇక తొక్కండమ్మా!" అని కేకేసింది. ఎవరికీ అనుమానం రాలేదు. చినుకులు మొదలయ్యేసరికి సంచులన్నీ షెడ్డులోకి చేరాయి.

అప్పుడు అమ్మ కొంగులోంచి నాలుగు కాయలు తీసి నా చెవి దగ్గర ఊపింది.

"నీకు వినపడతదిగా. ఎట్టా మోగుతోందో చెప్పు."

చక్కగా వినపడింది. అయితే అది ఎండిన చప్పుడో, పచ్చి చప్పుడో నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్ళలో ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

"ఎండిన కాయ ఎట్టా మోగుద్దమ్మా?" అని ఆమె చెవిలో అరిచాను.

అమ్మ చెప్పబోయి ఆగింది. మళ్ళీ ఊపింది.

"అదీ... వింటే తెలుస్తదే" అంది.