సిగ్గులేని జామచెట్టు

కువైట్‌లో నేను పనిచేసే జూకి ఇప్పుడు జనం రారు. గేటు మూసి ఏళ్ళవుతోంది. ఆ సంగతి చెట్లకు ఎవరు చెబుతారు? వాటికి దాహం వేస్తూనే ఉంటుంది. అందుకే నాలాంటి తోటపనివాళ్ళను కొందరిని అట్టేపెట్టారు. తెల్లవారుతుండగా మేముండే మంగఫ్ నుంచి కంపెనీ బస్సులో వచ్చి దిగుతాం. చలికాలమైతే మంచు కమ్మేసి ఉంటుంది. సగం బోనులు ఖాళీ. ఏ మూలనుంచో నెమలి కూత వినబడుతుంది. నేను నిద్రలో నడుస్తున్నానో, తోటే ఇంకా నిద్ర లేవలేదో తెలియక కాసేపు అలాగే నిలబడిపోతాను.

ఈ తోట కథంతా నాకు చెప్పింది ఒక పెద్దాయన. ఆయనది కడప వైపు, నాది కోనసీమ. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడ చాలామటుకు ఉత్త ఇసకేనట. లారీలతో మట్టి తెచ్చి పోసి, ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టి, పసిపిల్లల్ని సాకినట్టు మొక్కల్ని సాకారట. యుద్ధం వచ్చినప్పుడు నీళ్ళు పోసే దిక్కులేక చెట్లు ఎండిపోయాయి, జంతువులు ఆకలికి పోయాయి. యుద్ధం ముగిశాక ఆయన మళ్ళీ వచ్చి చూస్తే మోడుల మొదట్లో చిగుళ్ళు కనబడ్డాయట. అది చెబుతూ చేతిలోని పైపు సంగతే మరిచిపోయేవాడు. "కథలో పడి పైపు వదిలేశారు బాబాయ్, నీళ్ళన్నీ దారి తాగేస్తోంది" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి.

పక్షుల బోనుల వెనక ఆయన పెట్టిన జామచెట్టు ఒకటుంది. ఫహాహీల్ బజారులో కొన్న పండులోంచి గింజలు ఏరి మొలకెత్తించాడు. ఏటా విరగబూసేది. వేడిగాలి తగిలిందో లేదో, పూతంతా నేలపాలు. ఒక్క పిందె నిలిచేది కాదు. ఆయనకేమో వయసు మీదపడింది, ఇంకోసారి ఇఖామా, అంటే ఇక్కడుండే అనుమతి, వెయ్యరని తెలిసిపోయింది.

"ఇన్నేండ్లు ఈ దేశంలో చెట్లు పెంచినా నాయనా. పోయేలోగా ఒక్క కాయ నా చేత్తో కోసుకోని తినల్ల. ఇంగేం ఒద్దు నాకు," అనేవాడు.

దానికితోడు, బోనులు పెద్దవి చేస్తారనీ, అడ్డంగా ఉన్న ఆ చెట్టు కొట్టేస్తారనీ పుకారు పుట్టింది.

జూ ఇంకా తెరిచి ఉన్న రోజుల్లో, ఒక పొద్దున వెళ్ళి చూద్దును కదా, జామచెట్టు మొదలుకు అరిగిపోయిన చెప్పు, పాత చీపురు కట్టి ఉన్నాయి! కాయని చెట్టుకు సిగ్గు తెప్పించాలని మనవాళ్ళు చేసే పనే. కానీ ఇదేమన్నా మన పెరడా? అరబ్బులకు చెప్పు చూపించడమంటే మొహాన ఉమ్మేసినంత పని.

"ఏంటి బాబాయ్ ఇది! ముదీర్ చూశాడంటే మనిద్దరికీ మూడిందేనండి!"

ముదీర్ అంటే మా మేనేజరు.

"ఆయప్పకు కట్నానా? చెట్టుకు కట్నా. సిగ్గుంటే కాస్తాది," అన్నాడు తాపీగా.

అనుకున్నంతా అయింది. ముదీర్ బడిపిల్లల్ని వెంటబెట్టుకుని అటే వచ్చాడు. చెప్పు చూశాడు. మొహం కందగడ్డయిపోయింది. "ఎవరు కట్టారు? ఎవరిని అవమానించడానికి?" అని హిందీలో కేకలేశాడు. ఏదైతే అదయిందని వచ్చీరాని అరబ్బీలో నేనే చెప్పాను.

"చెట్టు పండు ఇవ్వడం లేదు ముదీర్. అందుకని తిట్టాం."

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఆయనా ఆపుకోలేకపోయాడు.

"తిడితే ఇస్తుందా?"

"మా దేశంలో ఇస్తుంది."

"అయితే ఆ చెప్పు తీసి, నోటితో తిట్టండి. కాస్తుందేమో చూశాకే కొట్టిస్తాను. యల్లా, కానివ్వండి!"

ఇక రోజూ పొద్దున్నే తిట్లు. "సిగ్గులేనిదానా, తాగిన నీళ్ళన్నీ యాడికి పోతాండాయే?" అని ఆయన అందుకుంటే నేను వంతపాడేవాణ్ణి. తిడుతూనే ఆకుల మీద దుమ్ము తుడిచేవాడు. కొన్నాళ్ళకు జూ మూసేశారు. ఆయన ఇఖామా కూడా అయిపోయింది. వెళ్ళే రోజున చెట్టు నిండా పూత. తలెత్తి చూసి, "ఖలాస్," అని మాత్రం అన్నాడు. ఆయన్ని ఆపగలిగే శక్తి నాకు లేనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ పూతలో నాలుగు పిందెలు నిలిచాయి. మూడింటిని పిట్టలు కొట్టేశాయి. మిగిలిన ఒక్కటీ చలికాలానికి దోరకొచ్చింది. మంచులో తడుస్తూ కోసి, అక్కణ్ణుంచే బాబాయ్‌కి ఫోన్ చేశాను. కాసిందని చెబితే నమ్మడే!

"అబద్ధాలు ఆడొద్దప్పా."

"ఒట్టు బాబాయ్, నా చేతిలోనే ఉందండి. ఏం చెయ్యమంటారు?"

"కొరుకు. ఆ చప్పుడు ఇంటా."

ఫోను నోటి దగ్గర పెట్టుకుని కొరికాను. కరుక్కుమంది.

"ఇంగోసారి," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, కాయ అయిపోయేదాకా ఆయనకు వినిపిస్తూ తిన్నాను.