గుండీలమ్మ ఇంగ్లీషు

ఆవిడ అసలు పేరు ఆ పరాయి దేశపు ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళెవరికీ తెలియదు. దర్జీ పనిలో గుండీలు కుట్టడంతో మొదలుపెట్టింది కాబట్టి గుండీలమ్మ. కొట్టు సొంత అన్నయ్యది. ఆయన బల్ల దగ్గర గుడ్డ కత్తిరిస్తాడు, ఈవిడ టేపు పట్టుకుని కొలతలు తీస్తుంది, మిగతా వేళంతా వెనక గదిలో మిషను తొక్కుతుంది. ముందు గదిలో కౌంటర్ కుర్చీ వదినది. వదినకు ఓపిక తగ్గి ఇంటిపట్టునే ఉంటాననడంతో ఆ కుర్చీ మీద గుండీలమ్మ కన్ను పడింది.

"వచ్చేవాళ్ళెవరికీ మన భాష రాదు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడి చూపించు, కుర్చీ నీదే," అన్నాడు అన్నయ్య. అనడం తేలిక. ఆయనకొచ్చిన ఇంగ్లీషు అంకెలు, థాంక్యూ. అంతే.

పట్టుదల మనిషి కదా, సాయంత్రం బడిలో చేరిపోయింది. మొదటి స్థాయి గట్టెక్కి రెండో స్థాయికొచ్చింది. అక్కడ పంతులమ్మ రెండు మాటల మధ్య చిన్న గీత పెట్టి ఒక్క విశేషణం చేయడం నేర్పింది. ఓపెన్-మైండెడ్, షార్ట్-టెంపర్డ్, బ్రాడ్-షోల్డర్డ్. రెండు ముక్కలు కలిపి కుట్టడమే కదా అని గుండీలమ్మ మురిసిపోయింది. ఎవరు ఎదురైనా మనసులో ఓ గీత పెట్టేసేది. పోనీలెండి అనడానికి 'నో బిగ్ డీల్' లాంటి వాడుక మాటలు కూడా వంటబట్టాయి. నేర్చుకున్నది పనిచేసే చోట వాడాలని పంతులమ్మ నియమం.

ఆ పనిచేసే చోట ఓ అలవాటుంది. కోటు కుదరాలంటే అంకెలొక్కటే చాలవు, ఒంటి తీరు కూడా తెలియాలి. అందుకని కొలత తీస్తూ ఆవిడ కేకేసి చెబుతుంది, బల్ల దగ్గర అన్నయ్య రాసుకుంటాడు. "ఎడమ భుజం దిగింది. వీపు గూని. పొట్ట ముందుకుంది." చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కానప్పుడు నోటికి అడ్డేముంది? "అన్నయ్యా, ఈవిడ నడుం టేపుకి కూడా దొరకట్లేదు, వెతికి పెట్టు!" అని కూడా అనేది. ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు.

ఆ రోజు పాత ఖాతాదారు ఒకావిడ కూతురిని వెంటబెట్టుకొచ్చింది. పిల్లకి మొదటి ఉద్యోగం, కోటు కావాలి. బక్కపలచని పిల్ల, సిగ్గరి. గుండీలమ్మకి ఇదే అదను అనిపించింది. టేపు వేసి, అన్నయ్య వైపు గర్వంగా చూస్తూ మొదలుపెట్టింది.

"రౌండ్-షోల్డర్డ్! షార్ట్-నెక్డ్! ఫ్లాట్-చెస్టెడ్!"

పలుకు స్పష్టంగా, గొంతు గట్టిగా. టేపు కింద ఆ పిల్ల భుజాలు ఇంకా ముడుచుకుపోయాయి. అద్దంలో మొహం కందిపోయింది. ఈసారి ప్రతి ముక్కా అర్థమైందని అప్పుడు వెలిగింది గుండీలమ్మకి. నాలుక కరుచుకుని ఊరుకున్నా బాగుండేది. కంగారులో "నో బిగ్ డీల్!" అనేసింది.

తల్లి కోప్పడలేదు. మెల్లగా ఇంగ్లీషులోనే అడిగింది: "నాకు కొలతలు తీసినప్పుడు కూడా ఏదో చెప్పేవారు కదా. మీరిద్దరూ నవ్వేవారు. నేనూ మీతోపాటు నవ్వేదాన్ని. ఏం చెప్పేవారు?"

నడుం దొరకట్లేదన్నది ఈవిడ గురించే. నిజంగానే అప్పుడు ఈవిడా నవ్వింది, ఇద్దరికంటే ఎక్కువగా, చేతులు పైకెత్తుకునే. గుండీలమ్మకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంగ్లీషు రాదని తప్పించుకునే దారీ లేదు, ఇప్పుడేగా అందరూ విన్నారు.

"అంకెలేనండీ," అంది, ఇంగ్లీషులో, తల దించుకుని. "వట్టి అంకెలే."

తల్లి నమ్మినట్టు నవ్వింది. కూతురు నవ్వలేదు. స్వెట్టర్ తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టేసుకుంది. ఇద్దరూ బయటికి వెళ్ళాక అద్దాల తలుపులోంచి గుండీలమ్మ చూస్తూనే ఉంది. కాలిబాట మీద ఆ పిల్ల ఆగి తల్లితో ఏదో చెప్పింది. తల్లి వెనక్కి తిరగలేదు. తను తొడుక్కున్న కోటు రెండు అంచులూ పట్టుకుని నడుం మీదికి లాక్కుంది.

అన్నయ్య మాత్రం చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఇరగదీశావే! ఒక్కచోటైనా తడబడలేదు. రేపట్నుంచి కుర్చీ నీదే!"

గుండీలమ్మ తలుపు వైపే చూస్తూ ముక్కు ఎగబీల్చింది.

"ఏంటే, ఏడుస్తున్నావా?"

"సిగ్గుతో చచ్చిపోతున్నాను అన్నయ్యా."

"ఎందుకూ? ఏమైనా తప్పు మాట్లాడావా?"

"లేదు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్క తప్పు కూడా లేదు."