చుక్క కారని తొడుగు

నీళ్లు ఉండాల్సిన చోట కాక మరెక్కడ కనబడ్డా లీకుల మాస్టారికి ఒళ్లు మండుతుంది. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే, ఇంటాయన పిల్లల చదువుల గురించి చెబుతుంటాడు, ఈయన కళ్లు మాత్రం గోడ మీది చెమ్మ మరక మీదే ఉంటాయి. "ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదండీ" అంటాడు, ఎవరూ అడక్కుండానే. ఆ ఇంటి ఇల్లాలికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

కుళాయిలు, ట్యాంకులు, మేడల పైకప్పులు, స్నానాల గదుల గోడలు, కారేది ఏదైనా సరే ఆపడం ఆయన పని. బిగించేసి సంచి సర్దుకుని పోయే రకం కాదు. పని అయ్యాక దాని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటాడు. నీళ్లు వదిలి, చుక్క కారుతుందేమోనని రెప్ప వేయకుండా చూస్తాడు. దీనికి ఆయన పెట్టుకున్న పేరు టెస్టింగు. వంటింట్లో పని చేయించుకున్నవాళ్లు ఆయన చుట్టూ తిరుగుతూ వంట చేసుకుని, తిని, గిన్నెలు కడుక్కున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఇంత చాదస్తం ఉంది కాబట్టే ఆయన చేసిన పని మళ్లీ కారిందన్న మాట ఊళ్లో ఎవరూ వినలేదు.

అలాంటి మనిషికి, పెళ్లయిన చాలా ఏళ్లకి, ఇక పిల్లల మాట మర్చిపోయి ఓ కుక్కపిల్లని తెచ్చుకుందామా అని మొగుడూ పెళ్లాం అనుకుంటున్న రోజుల్లో, ఆడపిల్ల పుట్టింది. మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పిల్ల ఆవలిస్తే వీధిలో వాళ్లని పిలిచి చూపించాడు. తుమ్మితే తనలాగే తుమ్మిందన్నాడు.

భార్య బడిలో టీచరు. సెలవు అయిపోగానే ఆవిడ పొద్దున్నే బడికి వెళ్లి మధ్యాహ్నం వచ్చేది. సాయానికి మాస్టారి అత్తగారు వచ్చి ఉంది గానీ, ఆవిడ మోకాళ్లు వంగవు. ఉయ్యాల ఊపమంటే ఊపుతుంది, పాటలు పాడమంటే పక్కింటివాళ్లు కిటికీ మూసుకునేదాకా పాడుతుంది, వంగి లంగోటీ మార్చమంటే మాత్రం "నావల్ల కాదు బాబూ" అంటుంది. దాంతో మాస్టారు తన పనులన్నీ మధ్యాహ్నానికి మార్చుకుని, పొద్దుటి పూట పిల్ల లంగోటీల శాఖకి తనే అధిపతి అయ్యాడు. చిక్కంతా అక్కడే మొదలైంది.

గుడ్డ లంగోటీ కడితే తడి పరుపు మీదికి వచ్చింది. ఆయన పరుపు మార్చలేదు, పిల్లని ఎత్తుకోలేదు. ముందు వంగి, ఎక్కడి నుంచి కారిందో చూశాడు. "కాళ్ల దగ్గర వదులుంది" అన్నాడు, లోకంలో ఇంతకాలం ఎవరూ కనిపెట్టని సంగతి కనిపెట్టినట్టు. అత్తగారు నవ్వింది. "పసిపిల్లలన్నాక తడుపుతారు బాబూ." ఆ మాట ఆయనకి నచ్చలేదు. తన ఇంట్లో, తన కళ్లెదుట, తన సొంత కూతురు కారడమా?

మర్నాడు రెయిన్‌కోటు గుడ్డ తెచ్చాడు. లంగోటీ మీద వేసే తొడుగు ఒకటి కత్తిరించి, కుట్టించి, కుట్ల మీద లోపలి నుంచి టేపు అంటించాడు. నడుముకీ కాళ్లకీ ఎలాస్టిక్కు పెట్టాడు. సరిపోదనిపించి ఇంకో వరస పెట్టాడు. భార్య బడి నుంచి వచ్చేసరికి బట్టల తీగకి ఒక తొడుగు నిండా నీళ్లతో వేలాడుతోంది. కింద పేపరు పరిచి ఉంది. ఎదురుగా స్టూలు మీద మాస్టారు.

"ఏంటండీ ఇది?"

"టెస్టింగు."

"పిల్ల ఏదీ?"

"ఉయ్యాల్లో ఉందిగా."

"దానికేం వేశారు?"

"ఇంకోటి వేశా. అది పొద్దున్నే పాసైంది."

చెప్పొద్దూ, తొడుగు మాత్రం అద్భుతంగా పనిచేసింది. పక్క తడవలేదు, ఒడి తడవలేదు. కొత్తబట్టలు వేసుకుని ఫంక్షన్‌కి బయల్దేరినవాళ్లు కూడా దారిలో ఆగి పిల్లని నిర్భయంగా ఎత్తుకుని ముద్దాడి పోయేవారు. అత్తగారు తన అక్కచెల్లెళ్లందరికీ ఫోన్లు చేసి, మా అల్లుడు ఇంజినీర్లకి పాఠాలు చెప్పాల్సినవాడని ఊదరగొట్టింది. మాస్టారు పైకి "ఏదో లెండి" అన్నాడు గానీ, మీసం చివర్లు పైకి లేచాయి.

అంతలో పిల్లకి కింద ఎర్రబడింది. తొడల మడతల్లో, వెనక, చూస్తే ప్రాణం ఉసూరుమనేలా కందిపోయి, చుట్టూ సన్నటి దద్దుర్లు. లంగోటీ విప్పితే ఏడుపు, కడితే ఏడుపు.

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో కారణం దొరికింది. అత్తగారు కొత్త సబ్బు అంది. సబ్బు మార్చారు. భార్య ఎండ వేడి అంది. ఫ్యాను పెట్టారు. పక్కింటావిడ పౌడరు వేయమంది, ఎదురింటావిడ నూనె రాయమంది. ఇద్దరినీ నొప్పించడం ఇష్టం లేక మాస్టారు రెండూ చేశాడు, పిల్ల తొడల మధ్య గోడలకి పెట్టే లప్పంలాంటి ముద్ద చక్కగా తయారైంది. ఒక్క తొడుగుని మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఇంట్లో ఎక్కడా తడి చుక్క కనబడకుండా చేసిన వస్తువుని ఎవరు మాత్రం ఎందుకు అనుమానిస్తారు?

మాస్టారి ఆలోచన మరోలా నడిచింది. చర్మానికి తడి తగులుతోంది కాబట్టి తడికీ చర్మానికీ మధ్య అడ్డం ఉండాలి. మందుల షాపు నుంచి తెల్లటి క్రీము తెచ్చి, మేడ పైకప్పుకి పూసినట్టే పూశాడు. ముందొక పూత. అది ఆరేదాకా విసనకర్రతో విసరడం. మీద రెండో పూత, మొదటిదానికి అడ్డంగా. పైన తొడుగు, ఎలాస్టిక్కు ఇంకాస్త బిగించి. "ఇక చూడండి అత్తయ్యగారూ" అన్నాడు. మర్నాడు చూశారు. ఇంకా పెరిగింది.

దద్దుర్ల సంగతి అలా ఉంచితే, మాస్టారి గుండెల్లో ముల్లులా దిగిన సంగతి వేరే ఉంది. పిల్ల ఆయన్ని చూసి ఏడవడం మొదలుపెట్టింది. అమ్మమ్మ దగ్గరికి వెళ్తుంది, అమ్మ దగ్గరికి వెళ్తుంది, పాల ప్యాకెట్లు వేసే అతని దగ్గరికి కూడా చేతులు చాపి వెళ్తుంది. మాస్టారు గదిలో అడుగు పెడితే మాత్రం కింది పెదవి బయటికి వస్తుంది, గడ్డం వణుకుతుంది, ఆ వెంటనే ఇల్లు ఎగిరిపోయేలా కేక. ఎందుకు ఏడవదు? మంట పెట్టేచోట రోజుకి ఇన్నిసార్లు చెయ్యి పెట్టేది ఆయనే కదా. ఆ ముక్క ఆయనకి తట్టలేదు. మీసం చూసి భయపడుతోందనుకున్నాడు.

పెళ్లినాటి నుంచి పెంచుకున్న మీసం అది. తీసేశాడు. మీసం ఉన్నచోట ఎండ తగలని తెల్లటి చారతో ఉయ్యాల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పిల్ల కళ్లు పెద్దవి చేసి చూసింది. ఏడవలేదు. మాస్టారు ఊపిరి బిగబట్టి నవ్వాడు. పిల్ల కూడా నవ్వబోయింది. అంతలో పాడు అలవాటు కొద్దీ ఆయన చెయ్యి తొడుగు ఎలాస్టిక్కు మీద పడింది. ఆ కేకకి పక్కింటి కుక్క మొరిగింది.

"మీసం పోయింది గానీ ఏడుపు ఎక్కడికీ పోలేదు బాబూ" అంది అత్తగారు. ఆయన పెరట్లోకి వెళ్లి, ఏ లోపమూ లేని కుళాయిని విప్పి మళ్లీ బిగించాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

భార్య ఇక ఆగలేదు. బడికి సెలవు పెట్టి, పిల్లనీ మొగుణ్నీ కూడా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ పెద్దావిడ, ఓపిక ఉన్న మనిషి. ఆ ఓపిక తొడుగు విప్పడం దగ్గర అయిపోయింది. ఒక వైపు లాగింది, రాలేదు. ఇంకోవైపు లాగింది, వేలు ఇరుక్కుంది. చివరికి మాస్టారే వచ్చి ఆవిడ వేలిని విడిపించాల్సి వచ్చింది.

"ఇదెవరు తయారు చేశారు?"

"నేనేనండీ" అన్నాడు మాస్టారు, వినయంగా ఉండటానికి ప్రయత్నిస్తూ.

"మీరేం చేస్తుంటారు?"

"లీకులు ఆపుతుంటానండీ."

"కనబడుతూనే ఉంది. లోపల గుడ్డ ఎప్పుడెప్పుడు మారుస్తారు?"

"తడిసినప్పుడల్లా మారుస్తానండీ. ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయను."

"మంచిది. తడిసిందని ఎలా తెలుస్తుంది మీకు?"

మాస్టారు తొడుగు వంక చూశాడు. అది బయట ఎప్పటిలాగే పొడిగా, నిగనిగలాడుతూ ఉంది. లోపల పిల్ల పొద్దుటి నుంచి తడిలో నానినా ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియకుండా ఉండాలని పట్టుబట్టి కుట్టించింది తనే. భార్య ఆయన వైపు తిరిగింది. ఆ చూపు కంటే ఆవిడ నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

"చర్మానికి గాలి తగలాలండీ" అంది డాక్టరమ్మ, గొంతు తగ్గించి. "ఈ తొడుగు పూర్తిగా మానెయ్యండి. తడిసిన గుడ్డ వెంటనే తీసేసి, మామూలు నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, ఆరనివ్వండి. పౌడరు వద్దు. మడతల్లో దద్దుర్లున్నాయి కాబట్టి ఈ ఆయింట్‌మెంటు రాయండి. రోజూ కాసేపు ఏమీ కట్టకుండా వదిలెయ్యండి. తగ్గకపోయినా, పుండు పడినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకురండి."

"ఏమీ కట్టకుండా వదిలేస్తే మరి..." అన్నాడు మాస్టారు.

"కారుతుంది" అంది డాక్టరమ్మ.

ఇల్లు చెరువైంది. పిల్లని మెత్తటి గుడ్డ మీద వట్టి ఒంటితో పడుకోబెట్టగానే, అది పైకి చూసి హాయిగా కాళ్లాడించి, గుడ్డ తడిపింది. మార్చారు. తడిపింది. పక్కకి దొర్లి చాప తడిపింది. అమ్మమ్మ ఒడిలో వేస్తే ఒడి తడిపింది. మాస్టారు చూసేవాడు, చెయ్యి దానంతట అదే పనిముట్ల సంచి వైపు వెళ్లేది, మళ్లీ వెనక్కి తీసుకునేవాడు. ఆయన పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి. ఆ మాత్రం తగ్గేసరికి ఆయనకి ధైర్యం వచ్చింది. ఓ పొద్దున, భార్య బడిలో ఉండగా, ఓ పెద్ద కాంట్రాక్టరు పని మాట్లాడటానికి వీళ్లింటికి వచ్చి పిల్లని ఎత్తుకుంటానన్నాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. కాసేపే కదా అని మాస్టారు లోపలికి వెళ్లి తొడుగు తగిలించి తెచ్చాడు. కాంట్రాక్టరు మాటల్లో పడ్డాడు, ఆ కాసేపు కాస్తా భోజనాల వేళదాకా సాగింది. పిల్ల అసలు ఏడవనే లేదు, నిద్రపోయింది. విప్పి చూస్తే తగ్గినదంతా తిరగబెట్టింది. నిద్రలేచిన పిల్ల ఆయన మొహం చూసి, అదే పెదవి, అదే వణుకు. ఆయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఎవరో కొత్తవాడి చొక్కా తడవకూడదని సొంతబిడ్డ ఒళ్లు కాల్చాడు. ఇంతకంటే సిగ్గుమాలిన పని తను జీవితంలో చేయలేదని ఆయనకి తెలిసిపోయింది.

కత్తెర తెచ్చి తొడుగులన్నీ ముక్కలు చేశాడు. గట్టిగా కుట్టించినవి, అంత తేలిగ్గా తెగలేదు.

ఆ తర్వాత మాస్టారు స్టూలు ఉయ్యాల పక్కకి మారింది. గుడ్డ కింద చెయ్యి పెట్టి చూడటం, తడిస్తే తీయడం, కడిగి, అద్ది, గాలికి వదలడం. మందు రాసేటప్పుడు పిల్ల ఏడ్చేది. "ఏడువు తల్లీ, తప్పు నాదే" అనేవాడు. రోజులు గడిచేకొద్దీ చర్మం గులాబీ రంగుకి దిగి, దద్దుర్లు ఎండి రాలి, ఆఖరికి మామూలైంది. ఆయన మాత్రం పిల్లని ఎత్తుకోవడానికి చెయ్యి చాపలేదు. తనంతట తాను ఎలా అడగాలో తెలియలేదు.

ఓ ఆదివారం పొద్దున, అర్జెంటుగా కుళాయి బాగు చేయాలని ఫోనొస్తే, ఉతికిన చొక్కా వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని బయల్దేరాడు. భార్య పిల్లని చంకనేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పిల్ల ఆయన్ని చూసింది. మాస్టారు అలవాటుగా పక్కకి తప్పుకోబోయాడు. పిల్ల ముందుకి వంగింది. రెండు చేతులూ చాపి, "ఆఁ" అని గదమాయించింది.

సంచి కింద పడింది. పిల్ల ఆయన మీదికి దూకి, చొక్కా కాలరు పట్టుకుని, బుగ్గ ఆయన మెడకి ఆనించింది. మరుక్షణం వెచ్చగా, చొక్కా జేబు నుంచి నడుముదాకా ధార.

"అయ్యో, ఇటివ్వండి, చొక్కా పాడైపోతోంది!" అంది భార్య.

"ఊరుకో" అన్నాడు మాస్టారు. కదల్లేదు. పిల్ల తన పని తను నిదానంగా పూర్తి చేసుకుని, ఆయన భుజం మీదే కళ్లు మూసింది. అది గాఢనిద్రలోకి వెళ్లేదాకా అలాగే నిలబడి, అప్పుడు ఉయ్యాల్లో వేసి, చొక్కా మార్చుకోవాలన్న ఆలోచనే లేకుండా వీధిలోకి నడిచాడు.

తలుపు తీసిన ఇంటావిడ ఆయన అవతారం చూసి కంగారుపడింది. "అంతా తడిసిపోయారేంటి మాస్టారూ? ఎక్కడన్నా పైపు పగిలిందా?"

"లేదండీ. మా ఇంట్లోనే, చిన్న లీకు."

"అయ్యో, ఆపకుండానే వచ్చేశారా మరి?"

"దాన్ని ఆపకూడదండీ. డాక్టరు గారు గట్టిగా చెప్పారు."

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మాస్టారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, వాటిని తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"మా అమ్మాయి నా దగ్గరికి వచ్చిందండీ ఇవాళ" అన్నాడు. "ఎవరూ పంపలేదు. తనే వచ్చింది."