కిష్టమ్మ మూడు పూటల పరీక్ష

బర్రెను కొనాలంటే నానక్‌రామ్‌గూడ కిష్టమ్మకు ఒక పద్ధతి ఉంది. ఎవరెంత పొగిడినా సరే, వరుసగా మూడు పూటలు తనే కూర్చుని పిండి చూసుకుంటుంది. ముందురోజు పిండకుండా ఆపితే మొదటి పూట ఏ పొదుగైనా కుండలా కనిపిస్తుంది. రెండో పూట దాణా దట్టించి నెట్టుకొస్తారు. అసలు సంగతి మూడో పూటకు గాని బయటపడదు. అందుకే ఆమె కొట్టంలో నాలుగు బర్రెలుంటే నాలుగూ కడవలు నింపేవే.

అలాంటి మనిషి మొగుడు కొమురయ్య షేర్ల పిచ్చిలో పడ్డాడు. తొంభై తొమ్మిదో సంవత్సరం, హైటెక్ సిటీ కొత్తగా లేచిన రోజులు. మాదాపూర్‌లో శ్యాంప్రసాద్ అనే కోస్తా ఆయన షేర్ల ఆఫీసు పెట్టాడు. అద్దాల తలుపు, ఏసీ, గోడకు టీవీ, దాని అడుగున చీమల బారులా పరిగెత్తే అంకెలు. అంకె ఎక్కితే అది ఆయన తెలివి. దిగితే మార్కెట్టుకు మనసు బాగాలేదు. ఎక్కినా దిగినా ఆయన కమీషన్ మాత్రం నడుచుకుంటూ జేబులోకి వచ్చేది.

ఆ పైఅంతస్తులోనే ఆయన కాపురం. కిష్టమ్మ పాలు పోసే ఇళ్లలో అదే చివరిది. ఒకరోజు ఆయన ఆమెను కిందికి పిలిచి, కుర్చీ వేయించాడు.

"కిష్టమ్మగారూ, భూమి పడుకుని ఉంటుందండి. షేరు పరిగెడుతుంది."

ఇన్నాళ్లూ 'పాలామె' అన్న నోటికి ఆ రోజు 'గారు' తగులుకుంది. అది వినగానే కిష్టమ్మ కొంగు బిగించింది. తల్లి ఆమె పేర రాసిచ్చిన రెండెకరాల చెలక అమ్మి, ఆ డబ్బు సాఫ్ట్‌వేర్ షేర్లలో పెట్టాలట. కొనే పార్టీని కూడా ఆయనే చూస్తాడట. కొమురయ్య అప్పటికే సరేనన్నాడు. ఆ చెలక పోతే బర్రెలకు మేత లేదు, మేత లేకపోతే కొట్టం ఖాళీ. ఇక మిగిలింది ఆమె వేలిముద్ర ఒక్కటే.

"మూడు పూటలు చూస్త సారూ. గప్పుడు ఏలిముద్ర."

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. ఒక కంపెనీ షేరు పేరు చెప్పాడు. అది ఏం తయారు చేస్తుందని ఆమె అడిగితే సొల్యూషన్స్ అన్నాడు. అవి తాగేవా, తినేవా అని అడిగితే ఏసీ కాస్త పెంచమన్నాడు.

మొదటిరోజు అంకె ఎక్కింది. రెండోరోజు ఇంకా ఎక్కింది. ఇంటికెళ్తూ కొమురయ్య స్కూటర్ ఏ రంగుది కొనాలో ఆటోలో పక్కవాళ్లను సలహా అడిగాడు.

మూడోరోజు పొద్దున కిష్టమ్మ పైకెళ్లి పాలు కొలుస్తుంటే, శ్యాంప్రసాద్ భార్య ఉమాశ్రీ గిన్నె వెనక్కి తీసుకుంది. ఆమెకు కడుపులో మాట దాచడం తెలియదు.

"ఇవాళ్టి నుంచి లీటరు వద్దు, అరలీటరు చాలు కిష్టమ్మా. మావారు మా షేర్లన్నీ అమ్మేసి మీ ఊరివైపు ఏదో రెండెకరాలు కొంటున్నారు. చేతిలో డబ్బు ఆడట్లేదు."

కిష్టమ్మ అరలీటరు పోసి, మీద నాలుగు చుక్కలు కొసరు వేసి కిందికి దిగింది.

అంకె ఆ రోజూ ఎక్కింది. కొమురయ్య మొహం వెలిగిపోతోంది. శ్యాంప్రసాద్ సిరాపెట్టె మూత తీసి ముందుకు జరిపాడు.

"నీ బర్రె మస్తు పాలిస్తుంది సారూ," అంది కిష్టమ్మ. "గంత మంచిదాన్ని నువ్వెందుకు అమ్ముకున్నవ్? కొనే పార్టీ పైఅంతస్తులనే ఉన్నడంట గద."

శ్యాంప్రసాద్ పైకప్పు వంక చూశాడు. ఏసీ చల్లగానే ఉంది గాని ఆయన మెడ తుడుచుకున్నాడు. కొమురయ్య ఆయన్నీ, పెళ్లాన్నీ మార్చి మార్చి చూసి, మెల్లగా పాలక్యాను అందుకున్నాడు. స్కూటర్ రంగు మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున కిష్టమ్మ ఎప్పటిలాగే పైకెళ్లి తలుపు కొట్టింది.

"సారు భూమి కొంటలేడమ్మా. లీటరే పొయ్యనా?"