వేలెడు పట్టుపోగు

పోయిన నెలలో మా పెద్దమ్మ పోయింది. ఆమె ఆత్మకు శాంతి కలగాలని నేను రాయను. ధర్మవరంలో మగ్గం నేసినన్నాళ్లూ వీధిని శాంతిగా ఉండనిచ్చిన మనిషి కాదామె. అక్కడ మాత్రం ఊరికే ఉంటుందా?

కానుగచెట్లు చిగురు వేసే రోజుల్లో పొద్దున్నే నన్ను లాక్కుని నడకకు బయలుదేరేది. రైలుగేటు దాకా పోయి సందుల్లోంచి తిరిగి రావడం. ఏ కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుంటుందో, ఏ ఖాళీ జాగాలో కుకుడుగువ్వ పురుగులేరుకుంటుందో ఆమెకు తెలుసు. "ఆ నెమలికంఠం రంగు చూడు. మన అద్దకమోళ్లకు జన్మలో రాదు" అని పాలపిట్టను చూపించి మరీ వాళ్లను తిట్టేది.

ఒక ఏడాది మా పెరటి జామచెట్టుకు తేనెపిట్ట గూడు కడుతుంటే, ముచ్చటపడి మగ్గం కింద రాలిన పట్టుపోగులు కొమ్మ మీద వేసింది. పిట్ట వాటినే గూటికి అల్లుకుంది. పొడుగు పోగొకటి పిల్ల కాలికి చుట్టుకుంది. మేం చూసేసరికి అది తలకిందులుగా వేలాడుతోంది, ప్రాణం లేదు. పెద్దమ్మ ఆ రోజు మగ్గం ముట్టలేదు.

"సంపింది నేనే. పట్టు తెగదని నేసేదానికి తెలీదా?" అంది.

అప్పటినుంచి నడకకు కత్తెర, సంచి తోడు. వీధిలో పారేసిన పోగులు ఏరి, ఆ ఇంటి తలుపు కొట్టేది.

"ఏమప్పా, వేలెడు వేలెడు కత్తిరించి పారేయమని ఎన్నితూర్లు చెప్పల్ల?"

"సాయంత్రానికి చీర నేసి కొయ్యల్లక్కా. పిట్టల కోసరం యాడ కూసునేది?" అనేవాడు ఎదురింటాయన.

"నువ్వు నేసుకో. నేను కూసుంటా."

నిజంగానే అతని గడపలో కూర్చుని కత్తిరించేది. సిగ్గుపడి కొందరు, ఈమె పోరు పడలేక కొందరు ఆ అలవాటు నేర్చుకున్నారు.

పెద్దమ్మ దినం భోజనాల దగ్గర ఆ ఎదురింటాయనే, "ఇంక మనల్ని తిట్టేవాళ్లు లేరప్పా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అయినా నాకు ఒళ్లు మండింది.

"నేనుండా కదన్నా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె కత్తెర తీసుకుని మొదట అతని తలుపే కొట్టాను. అతను లోపలికి పోయి, పోగుల బుట్ట తెచ్చి నా ముందు పెట్టి, తానూ కూర్చున్నాడు.

ఈ ఏడూ జామచెట్టుకు తేనెపిట్ట గూడు కట్టింది. నిన్న రెండు పిల్లలూ ఎగిరిపోయాయి. ఖాళీ గూటి అంచున పెద్దమ్మ నేసిన ఆఖరి చీర పోగొకటి, నెమలికంఠం రంగుది, వేలెడంతే, గాలికి ఆడుతోంది.