ఉప్పు మానేసిన చిన్నాన్న

మా చిన్నాన్నగారు పోయిన శనివారం తెల్లవారుజామున కాలం చేశారు. చోడవరంలో మా వీధి చివరి గుడిలో ముప్పై ఏళ్ళపాటు స్వామికి వంట చేసిన మనిషి. ఇది చదువుతున్నవారిలో ఈ ఊరివారు గానీ, చుట్టుపక్కల పల్లెల నుంచి గుడికి వచ్చి వెళ్ళినవారు గానీ ఉంటే, ఆయన చేతి పులిహోర తప్పకుండా తినే ఉంటారు. కళ్ళకద్దుకునే తిని ఉంటారు. ఆయన పేరు మాత్రం మీకు తెలిసి ఉండదు. "వంటవాడి పేరు ఎవడికి కావాలే అమ్మడూ? తినేది స్వామి, పంచేది అర్చకులు" అనేవారు ఆయనే.

గుడి వంట సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. స్వామికి నైవేద్యం కాకముందు ఆ వంటను రుచి చూడకూడదు. వాసన కూడా కావాలని పీల్చకూడదు. అది అందరికీ ఉన్న నియమమే. చిన్నాన్నగారిది ఇంకో మెట్టు పైన. తనకు వంట నేర్పిన తండ్రి, అంటే మా తాతగారు, "వండిన చెయ్యి ఆ వంట తినకూడదురా. తింటే మర్నాడు వండేటప్పుడు మనసు నోటి మీదకి పోతుంది" అన్నారట. అందుకని నైవేద్యం అయ్యాక కూడా ఆయన తీర్థం, తులసిదళం మాత్రం పుచ్చుకుని ఇంటికి వచ్చేవారు. మిట్టమధ్యాహ్నం దాటాక మా పిన్ని వండి ఉంచిన చల్లారిన అన్నం తినేవారు. తాను వండినదాన్ని ఆయన ఒక్కనాడూ నోట పెట్టుకోలేదు.

పిన్ని పోయిన కొన్నాళ్ళకు ఆయన చేతులు వణకడం మొదలయింది. ఒకరోజు గంజి వార్చబోతే పాదం మీద ఒలికింది. ధర్మకర్తలు శాలువా కప్పి, ఇక విశ్రాంతి తీసుకోండని చెప్పారు. పిల్లలు లేరు కనుక మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం. పని లేకపోతే ఈయన ఎలా బతుకుతారో అని నేనూ మావారూ దిగులు పడ్డాం. కానీ ఆ మొదటి నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. ఒక మనిషికి అంత చిన్న చిన్న వాటిలో అంత సంతోషం ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

వచ్చిన మర్నాడు బాగా పొద్దెక్కాక లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మడూ, ఇవాళ దుప్పట్లోంచి సూర్యుణ్ణి చూసేనే!" అన్నారు. పొయ్యి మీంచి దింపిన అన్నం వడ్డిస్తే వేళ్ళు కాలి, ఊదుకుని, నవ్వుకుని, మళ్ళీ వేళ్ళు పెట్టేవారు. చెరకు గానుగలు ఆడే రోజుల్లో పొద్దున్నే ఊరి బయటి తోటలకు నడిచి వెళ్ళేవారు. బెల్లం పెనం దగ్గర రైతులు ఆయన్ని చూసి లేచి, టేకాకులో వేడి బెల్లం పెట్టి ఇచ్చేవారు. "బాబూ, కాల్తాది, ఊదుకుని తినండి" అని వాళ్ళు ఎలా అన్నారో ఇంటికి వచ్చి నాకు అదే గొంతుతో చెప్పేవారు. ఒకసారి బస్సెక్కి అనకాపల్లి వెళ్ళి, హోటల్లో ఒక కాఫీ తాగి, వెంటనే తిరుగు బస్సులో వచ్చేశారు.

"ఏం పని మీద వెళ్ళేరు చిన్నాన్నా?" అని అడిగాను.

"కండక్టరూ అదే అడిగేడే. ఏ పనీ లేదయ్యా అన్నాను. ఆ మాట అనడం కోసమే వెళ్ళేను."

అలా ఉండగా ఒక శుక్రవారం నా పూజకు తానే పులిహోర చేస్తానన్నారు. ఇది గుడి కాదు కాబట్టి తానూ తినవచ్చునట. పిల్లవాడిలా హడావిడి చేశారు. దేవుడి ముందు నైవేద్యం పెట్టాం, ఆకులు వేశాం. ఆయన మొదటి ముద్ద నోట పెట్టుకుని ఆగిపోయారు. మావారు తలెత్తకుండా తింటున్నారు. నేనూ అంతే.

"ఇదేమిటే, ఇంత ఉప్పగా ఉంది?"

ఆయనే సర్దుకున్నారు. "గుండిగకి వేసే చెయ్యి కదా, గిన్నెకి వేస్తే ఇంతే మరి!" అని నవ్వారు. ఆ నవ్వు అక్కడితో నిలిచిపోయినా బాగుండేది. పాలు పొయ్యడానికి వచ్చిన పాలమ్మికి ఆయనే ఆకులో ఇంత పెట్టి ఇచ్చారు. పాపం ఆవిడ మంచి మాటే అనుకుని అన్నది.

"ఏటి బాబూ, అచ్చం మీరు గుడిలో సేసిన పెసాదంలాగే ఉంది! అదే ఉప్పు! ఇన్నాళ్ళకి మళ్ళీ తిన్నాను."

చిన్నాన్నగారు నా వైపు తిరిగారు. "గుడిలో కూడా ఇలాగే ఉండేదా?"

అబద్ధం చెప్పడం నా చేత కాలేదు. తల ఊపాను.

"ముప్పై ఏళ్ళూ?"

"ప్రసాదానికి ఎవరు వంక పెడతారు చిన్నాన్నా?"

"మీరేం చేసేవారు?"

"ఇంటికి తెచ్చుకుని తెల్లన్నంలో కలుపుకునేవాళ్ళం."

"మీ పిన్నీ?"

"పిన్నీ అంతే."

ఆయన ఆకు సగానికి మడిచేశారు. "మనుషులకి తెల్లన్నం ఉంది. స్వామికి ఏముందే?" అన్నారు. వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు.

ఆ రోజు నుంచి ఉప్పు మానేశారు. స్వామికి తాను పెట్టిన బాధ తన నోటికీ తెలియాలన్నారు. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని మజ్జిగ. మొదట్లో రెండు ముద్దలు తినేవారు, తరవాత ఒకటే. తోటల వైపు వెళ్ళడం మానేశారు. పొద్దున్నే మెలకువ వచ్చినా దుప్పటి ముఖం మీదకు లాక్కుని పడుకునేవారు. ఒకసారి మావారు కాస్త నవ్వించబోయి, "అనకాపల్లి బస్సు ఖాళీగా పోతోంది చిన్నాన్నగారూ" అంటే, "పోనీ నాయనా" అన్నారు అంతే. మనిషి మా కళ్ళముందే చిక్కిపోయారు. ఎన్ని చెప్పినా ఒకటే మాట: "నా వంట ఆయన ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదే. ఓర్చుకున్నాడేమో!"

నేను బయటికి వెళ్ళి ఎవరినీ ఏదీ అడిగే మనిషిని కాను. అయినా గుడికి వెళ్ళి అర్చకులతో అంతా చెప్పి, ఒక్కరోజు ఆయన్ని వండనివ్వమని అడిగాను.

"చెయ్యి వణుకుతోంది కదమ్మా" అన్నారు అర్చకులు. కాసేపు ఆలోచించి, "సరే. గుండిగ కొత్త వంటాయన దింపుతాడు. ఉప్పు మాత్రం ఆయన చేత్తోనే వెయ్యనీ" అన్నారు.

ఇంటికి వచ్చి చెబితే చిన్నాన్నగారు సంతోషించలేదు, భయపడ్డారు. "మళ్ళీ పాడు చేస్తేనో?"

"ఇన్నేళ్ళు తిన్న స్వామి ఇంకొక్క పూట తినడా?" అన్నాను. చాలా రోజుల తరవాత ఆయన పెదవి కొంచెం కదిలింది.

ఆ ఉదయం నేను వంటశాల బయట కూర్చున్నాను. లోపల ఆయన కొత్త వంటాయనతో మాట్లాడుతున్నట్టు వినపడింది కానీ, మాటలు తెలియలేదు. నైవేద్యం గంట మోగింది. అందరితోపాటు వరసలో నిలబడి ప్రసాదం తీసుకున్నాను. చిన్నాన్నగారు మండపంలో ఒక స్తంభం పక్కన నిలబడి తినేవాళ్ళ ముఖాలు చూస్తున్నారు. అందరూ కళ్ళకద్దుకున్నారు. "అమృతం బాబూ" అన్నారొకరు. పాలమ్మి కూడా వచ్చింది. ఈసారి ఎవరు హెచ్చరించారో, "సెప్పడానికి మాటల్లేవు బాబూ" అంటూ దణ్ణం పెట్టింది. ఒక్కో మెచ్చుకోలుకూ ఆయన ముఖం మరింత వాడిపోయింది.

మర్నాడు వండేది లేదు కదా అని, గుడిలో మొదటిసారి తానూ ఒక ముద్ద నోట పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. అన్ని నెలలు ఉప్పు ఎరగని నాలుకకు ఏది తగిలినా ఉప్పగానే ఉంటుందన్న ఆలోచన నాకు అప్పుడు తట్టింది. ముందే తట్టి ఉంటే బాగుండేది.

"ఎలా ఉందే?" అన్నారు.

"బాగుంది చిన్నాన్నా. నిజంగా బాగుంది."

"ముప్పై ఏళ్ళూ మీరందరూ ఇదే కదే అన్నారు?"

నిజమే. మేమందరం భక్తితో అన్న మాట అది. ఆ మాట ఇప్పుడు ఎన్నిసార్లు అన్నా ఆయనకు అక్కరకు రాదు. నా చేతిలో దొప్ప ఉంది. ఎదురుగా గర్భగుడి తలుపులు తెరిచే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ప్రసాదానికి వంక పెట్టని దాన్ని, ఇంకో ముద్ద తీసుకుని నెమ్మదిగా నమిలాను.

"ఉప్పు సరిగ్గా సరిపోయింది. పులుపే తగ్గింది చిన్నాన్నా. ఇంగువ కూడా ఒక పిసరు ఎక్కువైంది."

ఆయన నన్ను కళ్ళు చిట్లించి చూశారు. "పులుపు తగ్గిందా?"

"తగ్గింది. స్వామి ఎదుట నిలబడి చెబుతున్నాను."

"తగ్గదూ మరి! కొత్త చింతపండే అది. రాత్రే నానెయ్యాలంటే ఆ కొత్తాయన తెల్లారగట్ల నానేసేడు. ఇంగువ మాత్రం నేను ఎక్కువ వెయ్యలేదు, నీ నోరే బాగోలేదు" అన్నారు కోపంగా. ఆ కోపం విని నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఉప్పు సరిపోయిందన్నావు కదూ?" అని ఇంకోసారి అడిగారు. సరిపోయిందన్నాను. నేను లెంపలు వేసుకుని స్వామికి దణ్ణం పెట్టుకునేలోగా, ఆయన దొప్పలోది అంతా తినేశారు.

ఆ తరవాత ఆయన ఎంతోకాలం లేరు. తిండి లేక పోయిన బలం మళ్ళీ రాలేదు. చిన్న జ్వరానికే మంచం పట్టారు. గుడిలో తిన్న ఆ పూట నుంచి మజ్జిగలో ఉప్పు వేస్తే కాదనలేదు, అంతే నాకు మిగిలిన ఊరట. నా మాటను పూర్తిగా నమ్మారో, నా కోసం నమ్మినట్టు ఉన్నారో తెలియదు. నేను అడగలేదు.

గుడిలో ఆ మధ్యాహ్నం, ప్రసాదం తిని జనం వెళ్ళిపోయాక ఆయన అదే స్తంభానికి ఆనుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయారు. ఉత్తరీయం మడతలో పడిన పసుపు మెతుకు ఒకటి చీమలకు దొరికింది. నాలుగైదు కలిసి దాన్ని ఆయన మోకాలి మీదుగా, పాదం మీదుగా, గచ్చు మీదకు దింపుకుంటున్నాయి. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. వాటిని దులపలేదు.